గవాచి లేని క్యాబిన్

అది 2023 డిసెంబరు. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డులో ఓర్వకల్లు దాటాక, రాళ్ళ గుట్టల వెనుక మా క్యాంపు ఉంటుంది. ఆరు క్యాబిన్లు, ఒక వంటశాల, మధ్యలో చలిమంట వేసుకునే గుండ్రటి అరుగు, అంతే. నేను అక్కడ మేనేజర్ని. పేరు దస్తగిరమ్మ. ఫోనెత్తి నా పేరు చెప్పగానే చాలామంది "ఒకసారి మేనేజర్‌కివ్వమ్మా" అంటారు. "ఇచ్చినాను, మాట్లాడండి" అంటాను.

కర్నూల్లో క్యాంపింగా, అదీ చలికాలం విహారమా అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా జిల్లా పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఎండే. కానీ ఎండకు కాగే రాయి చలికి అంతకంతా చల్లబడుతుంది. డిసెంబర్లో తెల్లవారుజామున ఆ గుట్టల మధ్య మంచు కమ్ముకుంటే, ఎదురుగా ఉన్న క్యాబిన్ కూడా కనిపించదు. దాని కోసం హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ కార్లేసుకుని వస్తారు. కాళ్ళకు రెండేసి జతల సాక్సులు వేసుకుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఫోటోలు దిగుతారు.

అంతకుముందు నేను కర్నూలు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో హౌస్‌కీపింగ్ చేశాను. అంటే గదులు తుడవడం, దుప్పట్లు మార్చడం, వచ్చినవాడు పోయాక గది వచ్చినప్పటిలాగే ఉందో లేదో చూడడం. అక్కడి నుంచి ఈ మేనేజర్ కుర్చీ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందుకే ఆ కుర్చీలో కూర్చుని ఎవరినైనా "నువ్వు పో" అనాల్సి వస్తే ఆ మాట నాకు నోట రాదు.

మా వ్యాపారంలో "లోకల్ ఐడీ" అని ఒక రూలుంది. ఆధార్ కార్డులో ఇదే జిల్లా చిరునామా ఉంటే గది ఇవ్వకూడదు. ఎక్కడా రాసిపెట్టరు, అందరూ పాటిస్తారు. లోకల్ వాళ్ళు తాగి గొడవ చేస్తారనీ, పోలీసులొస్తారనీ, దూరం నుంచి వచ్చిన గెస్టులకు ఇబ్బందనీ కారణాలు చెబుతారు. మా ఓనరు రఘు సార్ కూడా మొదటి రోజే నాకు ఈ రూలు చెప్పారు. "సార్, ఆ లెక్కన మీ ఆధార్ కార్డుకు కూడా ఈడ గది దొరకదు" అన్నాను. ఆయనది కర్నూలు పాతబస్తీ. నవ్వి ఊరుకున్నారు గానీ రూలు మార్చలేదు.

ఆ సోమవారం పొద్దున, సన్నగా ముసురు మొదలవుతుండగా, ఐదుగురు ఆడవాళ్ళు ఆటో దిగారు. తలల మీద మూటలు, చంకలో ఒక ఇనుప తట్ట, ఒకామె చేతిలో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెల దొంతర. ముందు నడుస్తున్నామె నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చింది.

"మార్తమ్మను. ఫోన్ చేసినాను గదా. మూడు రాత్రులకు ఒక గది."

ఫోన్ చేసిన మాట నిజమే. పెద్ద క్యాబిన్ కావాలంటే సరేనన్నాను. ఊరు అడగలేదు. కార్డులు తీసుకుని చూస్తే అందరిదీ పత్తికొండ పక్క పల్లె. టమోటా మార్కెట్లో కాయలు ఏరే పని. పచ్చివి, పండువి, పగిలినవి వేరుచేసి పెట్టెల్లో నింపుతారు. ఆ వారం రేటు పడిపోయి రైతులు కాయలు తేవడం మానేశారట.

"పని లేని వారం ఇంట్లో ఉండకుండా ఈడికెందుకొచ్చినారు?" అని అడిగాను. తెలుసుకుందామనే అడిగాను.

మార్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మార్కెట్లో పని లేకపోతే ఇంట్లో పని లేనట్లేనా అమ్మా? మేము పోయేదంటా ఉంటే చర్చి పండగలకు, ఈయమ్మోళ్ళు అహోబిలం తిరణాలకు. ఆడ గూడా వండేది మేమే. ఒక్క తూరి ఊరికే కూచుండాలని వచ్చినాం. ఫోన్లో చూసినాం, మంచులో కుర్చీలేసుకోని కూచున్యారు. ఆ కుర్చీలు మాకీ."

ఆమె వెనక నిలబడ్డ సన్నటి మనిషి సుంకులమ్మ కిసుక్కున నవ్వింది. నేను రఘు సార్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒప్పుకోలేదు. "వాళ్ళెందుకమ్మా మనకు? పక్క క్యాబిన్లో హైదరాబాద్ ఫ్యామిలీ ఉంది. స్టాండర్డ్ పోతుంది" అన్నారు. "సార్, వీళ్ళు తాగరు, గొడవ చేయరు, రొట్టెలు కూడా వాళ్ళే తెచ్చుకున్నారు. చెక్-ఇన్ చేసేశాను" అన్నాను. అప్పటికి చేయలేదు. ఫోన్ పెట్టాక చేశాను.

మొదటి రోజంతా వాళ్ళు నిజంగానే ఊరికే కూర్చున్నారు. కొంచెం తెరిపిచ్చినప్పుడల్లా కుర్చీలు బయటికి లాక్కుని, కాళ్ళు చాపుకుని గుట్టల్ని చూశారు. టీ పంపిస్తే సుంకులమ్మ గ్లాసులు కడగడానికి లేచింది. మార్తమ్మ కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. "లేచినావంటే పత్తికొండకు పంపిస్తా" అంది. మధ్యాహ్నం ఐదుగురూ నిద్రపోయారు. పట్టపగలు అందరూ ఒకేసారి నిద్రపోవడం తమకు పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని సాయంత్రం గొప్పగా చెప్పుకున్నారు. నాకు వాళ్ళను చూస్తుంటే అసూయ వేసింది.

మరుసటి రోజు ముసురు తెరిపివ్వకుండా పట్టింది. గాలి కూడా తోడై చలి ఎముకల్లోకి దిగింది. అరుగు మీది మంట నిలవలేదు. మధ్యాహ్నం నేను వాళ్ళకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తీసుకుని పోయాను. తలుపు కొడితే పలకలేదు. గట్టిగా కొట్టాను. చాలాసేపటికి మార్తమ్మ తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తల పగిలిపోతాండాది" అని గోడ పట్టుకుంది. లోపల నడిమధ్య ఇనుప తట్టలో బొగ్గులు ఎర్రగా కణకణమంటున్నాయి. ఇద్దరు పడక మీద తలలు పట్టుకుని కూర్చున్నారు. ఇంకొకామె వాంతి చేసుకుంటోంది. సుంకులమ్మ తట్ట పక్కనే చాప మీద పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

లాడ్జిలో గ్యాస్ గీజరున్న బాత్రూములో ఒకతను పడిపోయినప్పుడు, వచ్చిన డాక్టరు మాకందరికీ ఒక మాట చెప్పాడు. మూసిన గదిలో నిప్పుండి, నలుగురికి ఒకేసారి తలనొప్పి వస్తే, కారణం వెతక్కుండా ముందు తలుపులు తెరిచి మనుషుల్ని బయటికి లాగమన్నాడు. ఆ నిప్పు నుంచి వచ్చే విషవాయువును కార్బన్ మోనాక్సైడ్ అంటారు. రంగుండదు, వాసనుండదు. ఉగ్గాని పళ్ళెం ఎక్కడ పడిందో నాకు తెలియదు. సుంకులమ్మ చంకల కింద చేతులు వేసి వానలోకి లాగాను. మిగతావాళ్ళు తూలుకుంటూ వచ్చారు. వంటశాల నుంచి వంట మనిషి పరుగెత్తుకొచ్చి తట్టను బయటికి విసిరేశాడు. 108కి ఫోన్ చేశాను. ముఖం మీద వాన పడుతుంటే సుంకులమ్మ ఒకసారి మూలిగింది. ఆ మూలుగు విని నేను నేల మీద కూలబడి ఏడ్చాను.

కర్నూలు ఆసుపత్రిలో ఐదుగురికీ ఆక్సిజన్ పెట్టారు. నలుగురిని సాయంత్రానికి పంపేశారు. సుంకులమ్మను మాత్రం తెల్లవారేదాకా ఉంచి చూడాలన్నారు. ఆ నలుగురిలో లక్ష్మిదేవి అనే ఆమె తోడుగా అక్కడే ఉండిపోయింది.

తిరిగి వస్తూ మార్తమ్మ నాతో చెప్పింది. "పొగుంటే భయపడుతుంటిమి అక్కా. మంట కాడ బాగా కాలిన బొగ్గులే ఏరి తెచ్చుకున్యాం. పొగ లేదు గదా, ఇంగేమి అనుకున్యాం. మా ఇండ్లల్లో చలికాలమంతా కుంపటి పెట్టుకునే పడుకుంటాం. ఎవురికీ ఏమీ కాలా."

ఆ మాట దగ్గర నాకు విషయం అర్థమైంది. వాళ్ళవి మట్టి మిద్దెలు. మా అమ్మమ్మ ఇల్లు కూడా అలాంటిదే. మిద్దె పైకప్పులో ఒక గుండ్రటి కన్నం వదులుతారు. దాన్ని గవాచి అంటాం. వెలుతురు దానిలో నుంచే వస్తుంది, పొయ్యి పొగ దానిలో నుంచే పోతుంది. వానొస్తే మిద్దె ఎక్కి బండ అడ్డం పెడతారు, అది కూడా సందు వదిలి. తరతరాలుగా వాళ్ళను కుంపటి చంపకుండా కాపాడింది ఆ గవాచి. అది ఉందని కూడా వాళ్ళెప్పుడూ తలుచుకుని ఉండరు.

మా క్యాబిన్ అలా కాదు. పఫ్ ప్యానెల్‌తో కట్టింది. రెండు రేకుల మధ్య నురుగు నింపిన గోడలు, కిటికీలకు రబ్బరు అంచులు. బయటి చలి లోపలికి రాదు, లోపలి గాలి బయటికి పోదు. ఇన్సులేషన్ అని మేము గొప్పగా చెప్పుకునేది దాన్నే. పైగా తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "తలుపులు, కిటికీలు మూసి ఉంచగలరు" అని ఒక స్టిక్కరు. లోపల నిప్పు పెట్టరాదన్న మాట మాత్రం ఇంగ్లీషులో, రూల్స్ కాగితం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పాపం, వాళ్ళు చదవగలిగిన రూలును చక్కగా పాటించారు.

మరుసటి రోజు పొద్దున్నే రఘు సార్ కర్నూలు నుంచి వచ్చారు. కారు డిక్కీలో నుంచి ఒక ఫ్లెక్సీ తీయించారు. "స్థానికులకు గదులు ఇవ్వబడవు" అని ఉంది దాని మీద. రాత్రికి రాత్రి కొట్టించినట్టున్నారు, రంగు వాసన కూడా పోలేదు.

"చూసినావా? ఇందుకే వద్దన్నది. ప్రాణం పోయుంటే? ఇది గేటుకు కట్టించు. వాళ్ళను ఖాళీ చేయించు" అన్నారు.

"కట్టను సార్."

"ఏమ్మా?"

"పోయిన జనవరిలో బెంగళూరు పిల్లోళ్ళు వచ్చినారు గుర్తుందా సార్? బార్బెక్యూ పొయ్యి క్యాబిన్లోకి తీసుకుపోయి, తలుపులేసుకుని, తలనొప్పి అని వాంతులు చేసుకున్నారు. మీరు వాళ్ళకు పండ్ల బుట్ట ఇచ్చి, ఇంకో రాత్రి ఉండిపోమన్నారు. బెంగళూరోళ్ళకు గదులు ఇవ్వబడవు అని అప్పుడు ఫ్లెక్సీ కొట్టించినామా?"

"వాళ్ళకు తెలియక చేసినారు."

"ఇంగ్లీషు చదవడం వచ్చు వాళ్ళకు. రూల్స్ కాగితం మీద సంతకం పెట్టి మరీ చేసినారు. వీళ్ళు చేసింది తెలియకే గదా? ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నం పెడితే ఎట్ల సార్?"

ఇంత గట్టిగా ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. కానీ నోరు ఆగలేదు.

అప్పటికే మార్తమ్మ వచ్చి వెనక నిలబడింది. రఘు సార్ ఆమె వైపు తిరిగి, కొంచెం మెత్తగానే, "అమ్మా, మీకు బాగాలేదు. ఇంటికి పోండి. మీ దుడ్లు మొత్తం తిరిగిస్తా" అన్నారు.

"దుడ్లు మాకెందుకు సార్? మా దినం మాకీ. ఈ పొద్దు ఒక్కటీ ఉండాది. ఆ ఫోన్లో వాళ్ళ మాదిరి మంచులో కూచోలేదు ఇంగా మేము."

ఆయన ఏదో అనబోయేలోగా గేటు దగ్గర ఆటో ఆగింది. లక్ష్మిదేవి చెయ్యి పట్టుకుని సుంకులమ్మ దిగింది. చేతికి సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది. ఆసుపత్రి నుంచి ఆమె పత్తికొండ బస్సెక్కుతుందనే నేననుకున్నాను. రఘు సార్ కూడా అదే అనుకుని ఉంటారు. "ఏమ్మా, ఇంటికి పోలేదా?" అన్నారు.

"యాల పోవాల సార్? సెలవు అయిపోలేదు గదా" అంది సుంకులమ్మ. వచ్చి కుర్చీలో కూర్చుంది. "నేను సచ్చింటే మా ఊర్లో ఏమనుకుందురో తెల్సా? సుంకులమ్మ మార్కెట్లో కాయలేరతా సావలేదురా, కుర్చీలో కూచోని సచ్చింది అనుకుందురు" అని నవ్వింది. మార్తమ్మ ఆమె వీపు మీద ఒకటి వేసి, తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

రఘు సార్ క్యాబిన్ వైపు నడిచారు. మేమూ వెంట పోయాం. తలుపు తెరిచి లోపల చూస్తూ నిలబడ్డారు. మార్తమ్మ ఆయన పక్కన నిలబడి కప్పు వైపు తలెత్తింది.

"ఏమప్పా, గవాచి యాడుండాది దీనికి?"

"ఇది వేరే రకం కట్టడమమ్మా. దీనికి ఉండదు."

"ఊపిరి పీల్చే మనుషులుంటారు గదా లోపల. పశువుల కొట్టానికి గూడా సందు ఇడుస్తాం మేము."

"కప్పుకు రంధ్రం వేస్తే వాన కారుతుంది, కంపెనీవాళ్ళు వారంటీ ఇవ్వరు" అన్నారు ఆయన, ఆమెతో కాదు, నాతో. మనిషి పోతే వారంటీ ఎవరిస్తారు సార్ అని అడిగాను. చేతిలో ఉన్న తాళాల గుత్తి ఆయన ముందు పెట్టాను. "సార్, లోపం గదిలో ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు వచ్చినోళ్ళ మీద పెట్టొద్దు. ఫ్లెక్సీ కట్టాలంటే కట్టే మనిషిని చూసుకోండి. ఆరు క్యాబిన్లూ సంవత్సరం ఆఖరు దాకా బుక్ అయిపోయి ఉన్నాయి. కొత్త మేనేజర్‌కి అన్నీ అప్పజెప్పే పోతాను."

బెదిరించానా అంటే బెదిరించాను. పని పోతే మళ్ళీ లాడ్జిలో చీపురు పట్టాలి, అది తెలిసే అన్నాను. ఆయన తాళాల వైపు చూసి, "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని గొణిగారు. తర్వాత గుత్తి తీసి నా చేతిలో పెట్టి, "ఎవరైనా వెల్డర్ని పిలువు, కప్పులకు సందు పెట్టిద్దాం" అన్నారు. ఫ్లెక్సీని చుట్టి కారులో వేసుకుని వెళ్ళిపోయారు. మనసు మారిందని నేననుకోను. డిసెంబర్లో వేరే మేనేజర్ దొరకరని తెలిసి ఉంటుంది. నాకు అంతే చాలు.

ఓర్వకల్లు నుంచి వెల్డరు వచ్చాడు. ప్రతి క్యాబిన్‌ కప్పుకూ ఒక వెంట్ పెట్టాడు. వెంట్ అంటే గాలి ఎప్పుడూ ఆడేలా, మూయడానికి వీల్లేకుండా వదిలే మార్గం. వాన పడకుండా పైన రేకు గొడుగు, గొడుగు కింద చుట్టూ సందు. గోడ కింది భాగంలో గాలి లోపలికొచ్చే కన్నాల జాలీ. మార్తమ్మ కుర్చీలో నుంచి లేవకుండానే "ఇంగా పెద్దది కొయ్‌ అప్పా, పిచ్చుక పట్టేంత కోస్తే ఎవురికి సాలుతుంది?" అని అరుస్తూ ఉంది. వెల్డరు విసుక్కుంటూనే పెద్దది చేశాడు. లోపల విషవాయువు వస్తే కూతపెట్టే అలారం ప్రతి క్యాబిన్‌లోనూ ఆ వారమే బిగించాం. వెంట్ ఉన్నా సరే, లోపల నిప్పు వద్దని ఇప్పుడు తెలుగులో రాసి ఉంటుంది. రాసి ఊరుకోను. తాళం ఇచ్చేటప్పుడు నోటితో చెబుతాను, హైదరాబాదు వాళ్ళకూ పత్తికొండ వాళ్ళకూ ఒకే మాట. కుంపటి కావాలన్నవాళ్ళకు వసారాలో రేకు పందిరి కింద పెట్టిస్తాను.

వాళ్ళ చివరి పొద్దున మంచు దిగింది. ఐదు కుర్చీలూ వరుసగా వేసి ఉన్నాయి. పక్క క్యాబిన్ హైదరాబాదు ఆమె శాలువా కప్పుకుని వచ్చి, మీ రొట్టె ఒకటి ఇస్తారా అని అడిగింది. సుంకులమ్మ అలవాటుగా లేవబోయి, ఆగి, "మూట ఆడుండాది, తీసుకోమ్మా" అని కూర్చునే చెప్పింది.

ఈ పనిలో ఇన్నేళ్ళుండి నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇదే చెబుతాను. గదిలో ఏదైనా జరిగితే ముందు గదిని చూడాలి. తర్వాత మన రూళ్ళను చూడాలి, అవి ఎవరికి అర్థమయ్యే భాషలో ఉన్నాయో చూడాలి. మనిషి కార్డు మీది చిరునామా చూడ్డం అన్నిటికన్నా చివర. మన దగ్గర చాలామంది ఆ చివరిదే ముందు చేస్తారు, ఎందుకంటే అది తేలిక.

మొన్న గండికోట వైపు కొత్తగా క్యాంపు పెడుతున్న ఒకాయన మా పద్ధతులు చూసిపోదామని వచ్చాడు. అన్నీ తిరిగి చూశాక గొంతు తగ్గించి అడిగాడు, "మేడం, మీరు లోకల్ వాళ్ళను ఉండనిస్తారంట, నిజమేనా?"

"మేము ఉండనిచ్చేదేమప్పా?" అన్నాను. "ఈ నేల వాళ్ళది. వాళ్ళే మమ్మల్ని ఈడ ఉండనిస్తాండారు."